మూడు తుమ్ముల డబ్బా

దరఖాస్తులో పద్నాలుగో గడి దగ్గర నేను ఒక్క అబద్ధం రాసి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. "సరుకు పాళ్ళు కొలిచే పరికరం పేరు" అని అడిగారు. "మా మామగారు" అని రాశాను.

దాని కింద ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయి. తయారైన సంవత్సరం: ఆయన పుట్టిన ఏడు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది కాబట్టి రెండూ వేశాను. బరువు: అరవై రెండు కిలోలు. ఉంచే చోటు: వంటింటి గుమ్మం పక్కన, స్టూలు మీద. ఇంతకు ముందు మరమ్మతులు జరిగాయా: ఎడమ కంటికి ఒకసారి, పళ్ళకు చాలాసార్లు. సంతకం చేసి, పోస్టులో వేసి వచ్చి, ఏమీ ఎరగనట్టు జీలకర్ర వేయించుకున్నాను.

సాయంత్రం మా ఆయన నకలు చూసి నోరెళ్ళబెట్టాడు.

"త్రాసు అని రాయొచ్చు కదా!"

"మనింట్లో త్రాసెక్కడుంది?"

"కొందాం."

"కొన్నాక రాద్దాం. ఇప్పటికైతే ఉన్నది మీ నాన్నే."

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి, లేకపోతే నాకు పిచ్చి పట్టిందనుకుంటారు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మూడేళ్ళ కిందట ఏదో పెద్ద భవనంలో పనికి వెళ్ళి, అక్కడివాళ్ళు పెట్టిన టాకోలు తిని, ఇంటికొచ్చి వారం రోజులు వాటినే కలవరించాడు. మొక్కజొన్న రొట్టె మడత, లోపల కూర, పైన నిమ్మరసం, మెక్సికోవాళ్ళ వంటట. సరే, మనిషి చిక్కిపోతున్నాడని బజార్లో ఆ టాకోల మసాలా పొట్లం కొనుక్కొచ్చాను. వెనక్కి తిప్పి చదివితే అందులో మొదటి దినుసు ఉప్పు, రెండోది పిండి, మూడోది చక్కెర. మిరపకాయ పేరు ఎక్కడో అట్టడుగున, పిలవని చుట్టంలా ఒదిగి నిలబడి ఉంది. నాకసలే ముక్కు మీద కోపం. ఉప్పూ పిండీ కలిపి మసాలా అని అమ్మేవాళ్ళని ఏమీ చెయ్యలేను గనక, నేనే చేసుకుంటానని కూర్చున్నాను.

మొదలుపెట్టాక తెలిసింది, ఇది ఒళ్ళు దాచుకుంటే అయ్యే పని కాదని. మిరపకాయలు రెండు రకాలు కావాలి. ఒకటి రంగుకి, ఒకటి మంటకి. రెండింటికీ గింజలు దులిపి, పాత బిస్కట్ల డబ్బాలో చెక్కపొట్టు రాజేసి, పైన జల్లెడ పెట్టి పొగ పట్టించాలి. జీలకర్ర సన్నమంట మీద ఒక్క ఛాయ ముదిరేదాకా వేయించాలి. రెండో ఛాయకి వెళ్ళిందంటే చేదు. వెల్లుల్లి పలచగా కోసి గలగలలాడేదాకా ఎండబెట్టాలి, లేదంటే పొడి మర్నాటికి ముద్ద కడుతుంది. కాస్త దాల్చినచెక్క, చక్కెర కలపని కోకో పొడి ఒక చిటికెడు. ఒరెగానో అనే ఎండు ఆకుని మాత్రం మిక్సీలో వెయ్యకూడదు, ఆ వేడికి వాసన ఎగిరిపోతుంది. అన్నీ చల్లారాక చివర్లో అరచేతుల మధ్య నలిపి కలపాలి. ఇంతా చేసి పాళ్ళు తప్పితే అది మసాలా కాదు, దగ్గుమందు.

ఆ పాళ్ళ సంగతి తేల్చింది మామగారి ముక్కు.

మామగారు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఏడాది పాటు హాల్లో గోడ గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టీవీ వద్దు, పేపరు వద్దు. గంట కొట్టినప్పుడల్లా "ఇప్పుడు ఏడో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యుంటుంది" అనేవారు. ఎవరితో అనేవారో ఆయనకే తెలియదు. చూసి చూసి నాకు దిగులేసింది. దిగులేస్తే నాకు కోపమొస్తుంది. ఒకరోజు ఆ కుర్చీ లాగేసి, "ఇలా వచ్చి కూర్చోండి, నాకు తోచడం లేదు" అని వంటింటి గుమ్మం పక్కన స్టూలు వేశాను.

నేను మొదటిసారి మసాలా కలిపిందీ ఆ రోజే. మామగారు మూడు తుమ్ములు తుమ్మారు. ఆ మసాలా అద్భుతంగా కుదిరింది. మర్నాడు ఐదు తుమ్మారు. అది రాజ్మా గింజల కూరలోకి తప్ప ఇంక దేనికీ పనికిరానంత ఘాటుగా వచ్చింది. ఆ తర్వాతి రోజు ఒకటే తుమ్మారు, అది పిల్లలు కూడా తినేలా ఉంది.

అలా మా ఇంట్లో కొలత స్థిరపడిపోయింది. నేను పొయ్యి పక్కన నిలబడి కొంచెం ఇది, కొంచెం అది వేస్తూ, కలుపుతూ, వాసన చూస్తూ ఆయన వైపు తిరిగేదాన్ని. తుమ్మకపోతే ఇంకో చెంచా. కావలసినన్ని తుమ్ములు రాగానే మూత పెట్టెయ్యడమే. డబ్బాల మీద పేర్లు కూడా అవే: ఒక తుమ్ము, మూడు తుమ్ములు, ఐదు తుమ్ములు. వీధిలోవాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చి, "మూడు తుమ్ములది ఒక డబ్బా ఇవ్వండి" అని మామూలుగా అడిగేవారు. ఎవరికీ నవ్వు కూడా వచ్చేది కాదు.

గ్రాముల్లో రాసుకోవచ్చు కదా అని మా ఆయన వందసార్లు అన్నాడు. రాసుకున్నాను కూడా. కానీ ఒక బస్తా మిరపకాయ ఉన్నట్టు ఇంకో బస్తా ఉండదు. బాగా ఎండలో పండింది ఒకలా ఉంటుంది, కోతకి ముందు వానలో తడిసింది ఒకలా ఉంటుంది. అవే గ్రాములు వేస్తే ఒకసారి చప్పగా వచ్చింది, ఒకసారి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ముక్కు మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

తప్పిందల్లా మిగతా విషయాల్లోనే. ఆయన పక్కనే పాలు పొంగి మాడిపోయినా కదిలేవారు కాదు. "ఇంత కంపు కొడుతుంటే తెలియలేదా?" అని అరిస్తే, "నువ్వు చూసుకుంటావనుకున్నా" అనేవారు. తినేటప్పుడైతే కళ్ళార్పకుండా నా వంకే చూసేవారు. నేను కూర్చుని తినే రకం కాదు. పెనం మీద రొట్టె తిరగేస్తూ, నిలబడే నాలుగు ముద్దలు మింగేస్తాను. నేను తిన్నాక గాని ఆయన "బాగుందమ్మా" అనేవారు కాదు. "నా మొహం మీద ఏమైనా రాసుందా?" అని కసిరితే తల దించుకునేవారు. టిక్కెట్లు అడిగిన అలవాటు, ఎక్కడికి పోతుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఇదంతా సాఫీగా సాగిపోతుండగా మా వీధి చివర కొత్తగా హోటలు తెరవబోతున్న ఒకాయన మూడు తుమ్ముల మసాలా రుచి చూసి, వారానికి నలభై డబ్బాలు కావాలన్నాడు. ఒకటే షరతు. కొలతల ఆఫీసు ధ్రువపత్రం ఉండాలి. వెళ్ళి వాకబు చేస్తే, అది లేకపోతే హోటలుకే కాదు, ఇక మీదట వీధిలో ఎవరికీ అమ్మకూడదని కూడా తెలిసింది.

అందుకే ఆ దరఖాస్తు. త్రాసు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. త్రాసు వస్తే స్టూలు పోతుంది, స్టూలు పోతే మామగారు మళ్ళీ గడియారం ముందుకి పోతారు. ఆయనతో రోజూ పోట్లాడేది నేనే, ఆయన మీద చిరాకుపడేదీ నేనే. కానీ ఆ గడియారం ముందు ఆయన్ని ఇంకోసారి చూడటం నా వల్ల కాదు.

ఇరవై రోజులకి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నవ్వుతారనుకున్నాను, లేదా తిడతారనుకున్నాను. రెండూ కాదు. "మీ పరికరము, అనగా మామగారు ఒకటి, వచ్చే గురువారం ఉదయం తనిఖీ చేయబడును. అంతవరకు దానిని ఉన్నచోటి నుండి కదల్చరాదు. వినియోగించరాదు. తేమ తగలనివ్వరాదు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచవలెను" అని ఉంది.

మా ఆయన అది చదివి తల పట్టుకున్నాడు. మామగారు మాత్రం ఉత్తరం మూడుసార్లు చదివించుకుని నిటారుగా కూర్చున్నారు. ముప్పై అయిదేళ్ళు ఆఫీసు కాగితం చెప్పినట్టు నడుచుకున్న మనిషి. ఆ క్షణం నుంచి స్టూలు దిగనన్నారు.

"మరి స్నానం?" అన్నాను.

"తేమ తగలకూడదన్నారుగా."

"నిద్ర?"

"కదల్చకూడదన్నారుగా."

"అది వస్తువులకి నాన్నా!" అన్నాడు మా ఆయన.

"నేనిప్పుడు వస్తువునేరా. కాగితం చూసుకో."

బతిమాలాం, బెదిరించాం. పరికరం తనంతట తాను కదిలితే అది కదల్చడం కిందికి రాదని మా ఆయన ఒక అర్థం తీశాక గాని ఆయన బాత్రూముకి కూడా వెళ్ళలేదు. మిగతా వారమంతా స్టూలు మీదే, నెత్తి నుంచి మోకాళ్ళ దాకా ఉతికిన దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. టీ తెస్తే దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, గ్లాసు పట్టుకుని లోపలికి పోయేది. పక్కింటావిడ వచ్చి "అదేమిటి?" అని అడిగింది. "తనిఖీకి పెట్టాం" అన్నాను. ఆవిడ ముక్కున వేలేసుకుని వెళ్ళిపోయింది.

గురువారం పదింటికి ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు, చేతిలో ఒక చెక్కపెట్టె. తెరిస్తే లోపల నీలం మఖమల్ గుంటల్లో వరసగా తూనికరాళ్ళు, బుడగ ఉండే రసమట్టం, సీసం ముద్రలు, ఇనపతీగ, పట్టకారు, ఆకుపచ్చ చీటీలు, ఎర్ర చీటీలు. నేను దుప్పటి తీశాను. ఆఫీసరు మామగారి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"నా సర్వీసులో కిరాణా త్రాసులు చూశాను, పాల కొలతలు చూశాను, లారీలు తూచే కాటాలు చూశాను. మామగారిని చూడటం ఇదే మొదలు," అన్నాడు మర్యాదగా. "మీ దరఖాస్తు మీద మా ఆఫీసులో మూడు రోజులు తర్జనభర్జన జరిగిందమ్మా. పరికరానికి ఊపిరి ఉండకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు."

మా ఆయన కొత్త డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కొచ్చి వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు. "సార్, ఒకవేళ అవసరమైతే..." అంటూ దాన్ని ముందుకు తేబోయాడు. నేను చూసిన చూపుకి అది మళ్ళీ వీపు వెనక్కే పోయింది.

ఆఫీసరు రసమట్టం తీసి మామగారి నెత్తి మీద పెట్టాడు. వంగి బుడగ చూశాడు.

"కొంచెం ఎడమకి వాలి ఉంది."

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ," అన్నారు మామగారు, తల కదపకుండా.

ఆఫీసరు ఒక అట్టముక్క మడిచి స్టూలు ఎడమ కాలి కింద దూర్చాడు. బుడగ మధ్యలోకి వచ్చింది. "ఆఖరిసారి నూనె ఎప్పుడు పెట్టారు?" అని అడిగాడు. "ఆదివారం, తలకి" అన్నాను. రాసుకున్నాడు.

"ముందు సున్నా చూడాలి," అని ఖాళీ గిన్నె ఒకటి మామగారి ముక్కు కింద పెట్టాడు. మామగారు నా వంక చూశారు. ఖాళీ గిన్నె చూసి నేనేం చేస్తాను, ఊరికే నిలబడ్డాను. ఆయన తుమ్మలేదు. ఆఫీసరు టిక్కు పెట్టుకున్నాడు. "సున్నా సరిగ్గా ఉంది. ఇప్పుడు అసలు పరీక్ష. యజమానులు బయటికి వెళ్ళాలి."

"అమ్మాయి ఎందుకు వెళ్ళడం?" అన్నారు మామగారు. ఆ గొంతులో భయం ఉంది. మామగారు భయపడటం నేనెప్పుడూ చూడలేదు, బహుశా పెద్ద పరీక్ష కదా అనుకున్నాను.

ఆఫీసరు నా మూడు రకాల మసాలాలూ తలా ఒక గిన్నెలో పోసి, నాలుగో గిన్నెలో తన పెట్టెలోంచి తీసిన తెల్లటి పొడి పోశాడు. రంగు కనపడకుండా నాలుగింటికీ పలచటి గుడ్డలు కట్టి, మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశాడు.

మేమిద్దరం హాల్లో నిలబడి చెవులు రిక్కించాం. మొదట మూడు తుమ్ములు వినిపించాయి. కొంతసేపటికి ఐదు. తర్వాత ఒకటి. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకూ గుండె నిబ్బరపడింది. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. తెల్లపొడికి తుమ్మలేదన్నమాట, భేష్ అనుకున్నాను.

తలుపు తెరుచుకునేసరికి ఆఫీసరు మొహం మాడిపోయి ఉంది. చేతిలో ఎర్ర చీటీ.

"క్షమించండమ్మా. ఐదు తుమ్ముల గిన్నెకి ఒకటి తుమ్మారు. పిల్లల మసాలాకి ఐదు. మూడుదానికి అసలు లేవు. మా సుద్దపొడికి మూడు తుమ్మారు, అదీ చాలా తృప్తిగా."

చీటీ మీద "పనికిరాదు" అని అచ్చువేసి ఉంది. దాన్ని మామగారి చొక్కా గుండీకి కట్టబోతూ ఆగి, ఆఫీసరు నేల చూపులు చూశాడు. "ఇంకో చిన్న విషయం. చెడిపోయిన పరికరాన్ని స్వాధీనం చేసుకుని స్టోరులో ఉంచాలని నిబంధన."

"ఏ స్టోరులో?"

"ఆఫీసు వెనక ఉందమ్మా. పాత త్రాసులుంటాయి. గాలీ వెలుతురూ బాగానే వస్తాయి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆయన మీద చెయ్యి వేశారంటే మీ పెట్టె మీతో ఇంటికి రాదు," అన్నాను. అట్లకాడ ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో నాకే తెలియదు. "వారం రోజులు దుప్పటి కప్పి కూర్చోబెడితే ఏ ముక్కైనా అలాగే ఏడుస్తుంది! మీ నిబంధనల వల్లే పాడైంది!"

"ఆయన్ని అనకమ్మా," అన్నారు మామగారు. ఎర్ర చీటీ అందుకుని తన గుండీకి తనే కట్టుకున్నారు. "పాడైన మాట నిజమే. ఇవాళ కాదు. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చింది గుర్తుందా, పది రోజులు? జ్వరం పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. నీ మిరపకాయలు పక్కనే పొగలు కక్కుతున్నా నా ముక్కుకి ఉలుకూ పలుకూ ఉండదు."

అట్లకాడ పొయ్యి గట్టు మీద పెట్టాను. "మరి ఈ రెండేళ్ళూ తుమ్మిందెవరు?"

"నేనే. ఊరికే తుమ్మాను."

"ఊరికే తుమ్మితే లెక్క ఎలా కుదిరింది? ఒక్క డబ్బా వెనక్కి రాలేదే!"

"నీ మొహం చూసి తుమ్మానమ్మా." ఆయన నేరం ఒప్పుకుంటున్నవాడిలా చేతులు కట్టుకున్నారు. "ముప్పై అయిదేళ్ళు మొహాలు చూసి టిక్కెట్టు లేనివాడెవడో చెప్పాను. జేబులు వెతకాల్సిన పని పడలేదు. పాళ్ళు కుదరకపోతే నీ కింది పెదవి బిగుసుకుంటుంది. పిల్లల మసాలా కుదిరితే ఊపిరి వదులుతావు. మూడుదైతే కళ్ళు సగం మూస్తావు. ఐదుదైతే ఎడమ చెవి ఎర్రబడుతుంది. నువ్వు నా వైపు తిరిగేసరికే నీకు తెలిసిపోయి ఉంటుంది. నేను చేసిందల్లా తుమ్మడమే."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెబితే స్టూలు తీసేస్తారు కదమ్మా."

నాకు కోపం ఎవరి మీద వచ్చిందో తెలియలేదు. ఆయన రెండేళ్ళు నా కళ్ళెదుటే దొంగతుమ్ములు తుమ్మారు. నేను రెండేళ్ళు వాటిని నమ్మి డబ్బాల మీద రాశాను. ఆ స్టూలు కోసం నేను ఆఫీసు కాగితం మీద నిజం రాస్తే, ఆ స్టూలు కోసమే ఆయన రోజూ అబద్ధం ఆడారు. ఇద్దరం కలిసి ఇంటిమీదికి తెచ్చుకున్నాం.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క నిమిషం. అంటే కొలిచేది ఆయన ముక్కు కాదు, మీ ముక్కు. అంతేనా? అయితే మీరే నోటితో చెప్పెయ్యొచ్చుగా, ఇది ఒకటి, ఇది మూడు అని? పరికరం పేరు మారుస్తాను, సరిపోతుంది."

గిన్నెల చోట్లు మార్చి ఒకటి నా ముందు పెట్టాడు. వాసన చూశాను. మూడనిపించింది. మూడు అనబోతుంటే రెండేమో అనిపించింది. ఇంకోసారి చూస్తానన్నాను. ముగ్గురూ నా నోటి వంకే చూస్తుంటే ఐదేమోనని కూడా అనిపించింది. నా జన్మలో ఏ విషయమూ తేల్చిచెప్పడానికి ఇంత ఇబ్బంది పడలేదు. "మూడు... కాదు, ఒకటిన్నర," అన్నాను చివరికి, సిగ్గుతో చచ్చిపోతూ.

స్టూలు మీంచి ఒక్క తుమ్ము వినిపించింది.

ఆఫీసరు గిన్నె ఎత్తి అడుగున రాసుకున్న అంకె చూశాడు. ఒకటి.

"ఇంకొకటి చూద్దాం," అన్నాడు. ఈసారి నన్ను మాట్లాడొద్దన్నాడు. నేను వాసన చూశాను, మామగారు నన్ను చూశారు. ఐదు తుమ్ములు. సరిపోయింది. ఆ తర్వాతది సుద్దపొడి. ఆయన నా మొహం చూసి చేతులు ముడుచుకుని కూర్చున్నారు. సరిపోయింది. నాలుగోసారి నాకు ఒళ్ళు మండి, నన్నింతగా చదువుతారా చూద్దామని మొహం గోడలా బిగించేశాను. మామగారు కాసేపు తేరిపార చూసి మూడు తుమ్మారు. అదీ సరిపోయింది. గిన్నెలు మార్చి మార్చి పన్నెండుసార్లు చూశాడు ఆఫీసరు. పన్నెండూ సరిపోయాయి.

"ఇలాంటివి మాకు కొత్తేం కాదు," అన్నాడు ఆఫీసరు, ఇప్పుడు చాలా ధీమాగా. "త్రాసుకి బరువు తెలుస్తుంది గానీ ఎంతో చెప్పలేదు. ముల్లుకి చెప్పడం వచ్చు గానీ బరువు తెలియదు. మీరు త్రాసమ్మా. పెద్దాయన ముల్లు. మీరు దరఖాస్తులో ముల్లు పేరొక్కటే రాశారు. అక్కడొచ్చింది చిక్కంతా."

ఎర్ర చీటీ విప్పి ఆకుపచ్చది కట్టాడు. పొయ్యి నుంచి స్టూలుకి టేపు పెట్టి కొలిచాడు. ఐదడుగుల రెండంగుళాలు. ధ్రువపత్రం మీద ఇలా రాశాడు: "కోడలు ఒకటి, మామగారు ఒకటి, రెండూ కలిపి ఒకే పరికరము. వీటిని విడదీసినచో ఈ పత్రము చెల్లదు." రెండు భాగాలూ కలిసేచోట సీసం ముద్ర వెయ్యాలట. నా చేతి వంకా, మామగారి గుండీ వంకా కొంతసేపు చూసి, చివరికి ఇనపతీగతో స్టూలు కాలుని గుమ్మానికి బిగించి ముద్ర వేశాడు. ఇక ఆ స్టూలుని అక్కడి నుంచి తియ్యడం నేరం. టీ తాగి, రసమట్టం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన హోటలాయనకి కబురు చెప్పడానికి వీధి చివరికి పరుగెత్తాడు. డిజిటల్ త్రాసు మాత్రం హాల్లో బల్ల మీద ఉండిపోయింది.

ఇంకా వెలుతురు ఉండగానే రాత్రి భోజనానికి రాజ్మా ఉడికించి, మూడు తుమ్ములది రెండు చెంచాలు వేసి, పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్నాను. మామగారు స్టూలు మీదే కంచం పట్టుకుని కూర్చున్నారు. నాకు కోపమొస్తే ఇల్లంతా గరిటెల చప్పుడే.

"అమ్మా," అన్నారు ఆయన. "తప్పయిపోయింది."

"అది సరే," అన్నాను పెనం వంక చూస్తూ. "వాసన తెలియకపోతే మరి రుచి?"

"ఉప్పు తెలుస్తుంది. కారం మండుతుంది."

"మిగతాది?"

"మిగతాది నువ్వు తింటుంటే చూస్తాను."

పెనం మీద రొట్టె మాడింది. నాకు వాసన వచ్చింది, ఆయనకి రాలేదు. రెండేళ్ళు. రోజూ ఆయన నా వంక చూశారు, నేను తిన్నాక "బాగుందమ్మా" అన్నారు. మొహం మీద ఏమైనా రాసుందా అని నేను కసిరినప్పుడల్లా తల దించుకున్నారు. అంటే ఆ పూటలన్నీ ఆయన ఏమీ తినలేదన్నమాట. ఉప్పూ కారం తిని లేచి చెయ్యి కడుక్కున్నారు. నాకు ఏడుపొచ్చింది. మిరపకాయల మీదికి నెట్టేద్దామన్నా పొయ్యి మీద మిరపకాయలు లేవు.

పొయ్యి ఆర్పేశాను. హాల్లోకి వెళ్ళి గడియారం ముందున్న పాత కుర్చీ తెచ్చి, స్టూలుకి ఎదురుగా, వెలుతురు నా మొహం మీద పడేలా వేసుకుని కూర్చున్నాను. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో నేను కూర్చుని తినడం అదే మొదటిసారి. ఆయన కంచంలో ఒక టాకో పెట్టి, నా కంచంలో ఒకటి పెట్టుకున్నాను. ఆయన చెయ్యి కదపకుండా నా వంక చూశారు.

కొరికాను. పొగ తగిలింది, దాని వెనక జీలకర్ర, చివర్లో ఎక్కడో ఒరెగానో. ఏడుపూ ఆకలీ కలిసి గబగబా నమిలాను.

"కాస్త నిదానంగా తినమ్మా," అన్నారు మామగారు. "నాకు అందడం లేదు."